అంతఃపురమున పలుకని రాణి: ‘బాణభట్ట కీ ఆత్మకథా’లో భట్టిని

సంస్కృత గద్యకవులలో తన పుట్టుపూర్వోత్తరములను తానే విస్తరించి చెప్పుకొన్నవాడు బాణభట్టు. హర్షచరితపు తొలి ఉచ్ఛ్వాసములలో అతడు తన వాత్స్యాయన వంశమును, శోణనదీ తీరమున గల ప్రీతికూట గ్రామమును వర్ణించెను. చిన్ననాడే తల్లి రాజదేవి గతించుట, పదునాలుగవ యేట తండ్రి చిత్రభానుడు మరణించుట, ఆపై ఇల్లు విడిచి దేశములు పట్టి తిరుగుట దాపరికము లేక చెప్పెను. ఆ దేశాటనమున తనతో తిరిగిన నేస్తుల పట్టిక యొకటి అక్కడ కలదు. భాషాకవి, ప్రాకృతకవి, పాముల వైద్యుడు, తాంబూలమందించువాడు మొదలగు వారితోపాటు అందు కొందఱు స్త్రీలును కన్పట్టుదురు. నర్తకి హరిణిక, సంవాహిక కేరళిక, సైరంధ్రి కురంగిక, కాత్యాయనిక చక్రవాకిక అని వారి పేళ్లు. పేరును వృత్తియు తప్ప వారినిగూర్చి కవి మఱొక మాట చెప్పలేదు. పిమ్మట హర్షుని తమ్ముడు కృష్ణుడు పంపిన పిలుపు, ఆస్థాన ప్రవేశము, రాజవంశకథ వరుసగా వచ్చును. ఎనిమిదవ ఉచ్ఛ్వాసముతో గ్రంథము ఆగిపోవును.

ఆ పట్టికలోని మౌనమును, ఆ గ్రంథము ఆగిన తీరును ఆధారముగా గొని ఆచార్య హజారీప్రసాద్ ద్వివేదిగారు (1907–1979) హిందీలో ‘బాణభట్ట కీ ఆత్మకథా’ అను నవలను రచించిరి. అది 1946లో వెలువడినది. అప్పటికి ఆయన శాంతినికేతనపు హిందీభవనమున ఉండిరి. నవల పేరు బాణునిది, కథ చెప్పువాడును బాణుడే. ఐనను కథనంతటిని నడపునది అతడు కాదు, స్థాణ్వీశ్వరమున ఒక రాజగృహపు అంతఃపురములో బందీయై యున్న రాజకన్య. ఆమెను అందఱును భట్టిని అందురు. ప్రాచీన సామ్రాజ్యముల కొలువులలో ఉన్నతకుల స్త్రీ ఎట్లు బ్రదికినది, ఆమె బ్రదుకును ఎవరి నోట వినగలము అను ప్రశ్నకు ఈ నవల యిచ్చిన సమాధానము భారతీయ చారిత్రక నవలల నడుమ ప్రత్యేకముగా పరిశీలింపదగినది.

ముందుగా చరిత్ర ఏమి మిగిల్చినదో చూడవలెను. హర్షుని రాజ్యకాలము క్రీ. శ. 606 నుండి 647 వఱకు. అతని తామ్రశాసనములలో బాంస్‌ఖేడా శాసనము 628 నాటిది, మధుబన్ శాసనము 631 నాటిది. వీని వంశావళులలో స్త్రీల పేళ్లు లేకపోలేదు. వజ్రిణీదేవి, అప్సరోదేవి, మహాసేనగుప్తాదేవి, యశోమతీదేవి అని తరతరమునకు ఒక రాణి కానవచ్చును. కాని ప్రతిరాణియు ఒక రాజునకు భార్యగా, మఱొక రాజునకు తల్లిగా మాత్రమే అందు చోటు సంపాదించినది. కొడుకును కనని రాణికి గాని, కూతురునకు గాని ఆ వరుసలో తావు లేదు. హర్షుని అన్న రాజ్యవర్ధనుడు ఆ శాసనములలో కలడు, చెల్లెలు రాజ్యశ్రీ లేదు.

రాజ్యశ్రీ జీవితము సామాన్యమైనది కాదు. ప్రభాకరవర్ధనుని కూతురుగా పుట్టి, కన్యాకుబ్జపు మౌఖరి రాజైన గ్రహవర్మకు ఇల్లాలైనది. ఆ వివాహవైభవమును బాణుడు నాలుగవ ఉచ్ఛ్వాసమున పట్టువస్త్రముల రంగులతో సహా వర్ణించెను. ఐదవదానిలో తండ్రి మరణశయ్యపై నుండగనే తల్లి యశోమతి అగ్నిప్రవేశము చేయును. ఆఱవదానిలో మాళవరాజు గ్రహవర్మను చంపి, రాజ్యశ్రీ కాళ్లకు సంకెలలు వేసి చెఱసాలలో పెట్టును. పగ తీర్చుకొనబోయిన రాజ్యవర్ధనుడు గౌడుని మోసమునకు బలియగును. చెఱనుండి వెలువడిన రాజ్యశ్రీ వింధ్యాటవిలో పడి, అగ్నిలో దూకబోవు సమయమునకు హర్షుడు బౌద్ధభిక్షువు దివాకరమిత్రుని వెంటబెట్టుకొని అక్కడకు చేరును. ఇంత జరిగిన పిమ్మట ఆమె కోరినది ఒక్కటే, కాషాయవస్త్రములు ధరించుటకు అనుమతి. ఆ కోరికను ఆమె తన నోట అన్నకు చెప్పలేదు. ఆమె మనసెఱిగి రాజుతో విన్నవించినది పత్రలత యను తాంబూలకరంకవాహిని. హర్షుడు అందుకు అప్పుడే సమ్మతింపడు. తన ప్రతిజ్ఞ నెఱవేఱు వఱకు ఓర్చుమనియు, ఆపై ఇరువురమును కాషాయములు కట్టుదమనియు చెప్పును.

సంస్కృతకావ్యములలో రాజస్త్రీల మాటలు చెలికత్తెల ద్వారా వచ్చుట మర్యాద. కావున విమర్శకులు ఈ ఘట్టమును ఆ మర్యాదక్రింద త్రోసివేయుట సహజము. కాని కొంత నిలిచి చూచినచో మఱొక సంగతి తోచును. ఒక సామ్రాజ్యపు భవిష్యత్తు తేలుచున్న క్షణమున, అందఱికంటె ఎక్కువ కోల్పోయిన స్త్రీ మాట ఆకువక్కల పెట్టె మోయు పనికత్తె నోట వెలువడినది. రాణికి గొంతు నిచ్చినది దాసి. ఆ దాసి ఎవరో, ఆమె కథ ఏమో గ్రంథములో లేదు. ఆ తరువాతి రాజ్యశ్రీని గూర్చిన మాట చీనాదేశపు గ్రంథములలో దొరకును. హ్యూయన్‌త్సాంగు జీవితచరిత్రలో ఆమె తెలివిగలదనియు, సమ్మతీయ బౌద్ధశాఖను అభ్యసించినదనియు, ధర్మప్రసంగము జరుగునపుడు రాజు వెనుక కూర్చుండి వినుచుండెడిదనియు కలదు. అక్కడ కూడ ఆమె వినునదియే, పలుకునది కాదు.

ఇట్టి మౌనమును చారిత్రక నవలాకారుడు ఏమి చేయవలెను? సులభమైన మార్గము రాణికి దీర్ఘోపన్యాసములు కల్పించి, ఆమెను నేటి భావములతో మాటలాడించుట. మఱొక సులభమార్గము ఆమెను నగలతో నింపి, చామరముల నడుమ కూర్చుండబెట్టి, వర్ణనతో తృప్తిపడుట. ద్వివేదిగారు ఈ రెండు త్రోవలను విడిచిరి. మొదట రాజ్యశ్రీని కథానాయికగా గ్రహింపలేదు. ఆమెను కథకు వెలుపల, ఆహ్వానము పంపు మహాదేవిగా నిలిపి, చరిత్రలో ఎక్కడను లేని మఱొక స్త్రీని సృష్టించిరి. ఆమె దేవపుత్ర తువరమిలిందుని కూతురు, అసలు పేరు చంద్రదీధితి. ‘దేవపుత్ర’ అనునది కుషాణుల బిరుదు. ‘మిలింద’ అనునది బౌద్ధవాఙ్మయమున ప్రసిద్ధుడైన యవనరాజు పేరు. ఏడవ శతాబ్దపు చరిత్రలో అట్టి రాజు కానరాడు. ఐనను వాయవ్యసీమను కాపాడు వీరుని జ్ఞాపకమును ఆ పేరు తెలియకుండగనే మేల్కొల్పును. ప్రత్యంతదస్యులు ఆ వీరుని కూతును అపహరించిరి. చేతులు మాఱి మాఱి ఆమె స్థాణ్వీశ్వరపు ‘చిన్న రాజకులము’ అంతఃపురమున చిక్కుకొన్నది.

నవలలో ఆమె పేరు చంద్రదీధితి అని తెలిసిన పిదప కూడ ఎవరును ఆమెను ఆ పేరుతో పిలువరు. భట్టిని అనియే పిలుతురు. సంస్కృతనాటకములలో పరిజనులు రాజపత్నిని పిలుచు పిలుపు అది. పరిచారిక నోట పుట్టిన పిలుపు నవల పొడవునను ఆమెకు పేరుగా నిలిచినది. ఇది యాదృచ్ఛికము కాదు. భట్టినిని ఆ పేర మొదట పాఠకునకు పరిచయము చేయునది నిపుణిక. ఈ నిపుణిక ఒకప్పుడు బాణుని నాటకమండలిలో నటించి, ఉజ్జయినిలో ఒక రాత్రి చెప్పకుండ పారిపోయినది. ఏండ్లు గడచిన పిదప స్థాణ్వీశ్వరపు వీథిలో తమలపాకులు అమ్ముకొనుచు బాణునకు మఱల కనబడును. ఆమెకు చిన్న రాజకులపు అంతఃపురమున రాకపోకలు కలవు, అందలి బందీ సంగతి ఆమెకే తెలియును. కావ్యమున రాజ్యశ్రీ కోరికను మోసినది తాంబూలవాహిని. నవలయందు భట్టిని దుఃఖమును మోయునది తాంబూలము అమ్మునది. ద్వివేదిగారు పత్రలతను మనసున నుంచుకొనియే నిపుణికకు ఆకుల అంగడి పెట్టించిరని నిర్ధారించుట కష్టము. ఐనను హర్షచరితమును అణువణువున ఎఱిగిన రచయితకు ఈ సాదృశ్యము అపరిచితమై యుండదు.

కథారంభమే ఈ దృష్టిని తెలుపును. బాణుడు స్థాణ్వీశ్వరమున అడుగుపెట్టిననాడు నగరము ఉత్సవముతో పొంగుచుండును. కుమార కృష్ణవర్ధనుని యింట శిశువు పుట్టినందుకు వేడుక అది. రాజకులపు స్త్రీలు, వారి వెంట పరిచారికలు, నర్తకులు వీథులవెంట సాగుదురు. హర్షచరితపు నాలుగవ ఉచ్ఛ్వాసమున హర్షుని జన్మోత్సవమును బాణుడు వర్ణించిన పుటలతో దీనిని పోల్చి చూడవచ్చును. అక్కడ ఆ వర్ణన రాజుపుట్టుకకు అలంకారము. ఇక్కడ ఆ కోలాహలము ఒక నిశ్శబ్దమునకు నేపథ్యము. అదే నగరమున, అదే రాజకులపు బంధువుల యింట, ఒక కన్య తలుపులు మూసిన గదిలో మహావరాహమూర్తిని కొలుచుచు విడుదలకు ఎదురుచూచుచున్నది. సంగీతము వీథిలో వినబడుచుండగా పాఠకునకు అప్పటికి ఆ గది సంగతి తెలియదు. తెలిసిన పిదప ఉత్సవము మఱొక విధముగా జ్ఞప్తికి వచ్చును.

భట్టిని కొలుచు దైవము మహావరాహుడగుట గమనింపదగినది. విదిశకు సమీపమున ఉదయగిరి గుహలో అయిదవ శతాబ్ది ఆరంభమునాటి వరాహశిల్పము కలదు. ప్రళయజలమునుండి భూదేవిని కోఱకొనపై ఎత్తిన ఆ మూర్తి గుప్తసామ్రాజ్యపు గర్వమునకు చిహ్నమని చరిత్రకారులు వ్యాఖ్యానింతురు. అందు భూదేవి చిన్నది, వరాహము మహాకాయము. స్త్రీని రక్షింపబడునదిగా, పురుషుని రక్షించువానిగా చూచు ఊహకు ఇంతకు మించిన ప్రతిమ లేదు. నవలలో కూడ బాణుడు భట్టినిని రక్షించును. కాని ఎట్లు? నిపుణిక అతనికి స్త్రీవేషము వేసి, తన వెంట అంతఃపురములోనికి తీసికొనిపోవును. రాజుల కొలువున కవిగా పిమ్మట పేరొందబోవు పురుషుడు ఆడుదానివలె నడచినగాని ఆ గోడలు దాటలేకపోయెను. దారి చూపునది, వేళ నిర్ణయించునది, అపాయమును ముందుగా పసిగట్టునది నిపుణిక. వరాహము వలె ఎత్తునది ఎవరో పాఠకుడు మఱల ఆలోచింపవలసి వచ్చును.

అంతఃపురము దాటుటతో భట్టిని కష్టములు తీరవు. గంగపై నావలో మగధవైపు సాగుచుండగా దాడి జరుగును. నీటిలో పడి, బయటపడి, భద్రేశ్వర దుర్గమున ఆభీరనాయకుడు లోరికదేవుని ఆశ్రయమున వారు నిలుతురు. ఇక్కడనుండి నవల రాజనీతి కథగా మాఱును. దస్యుల దండయాత్ర మఱల రానున్నది, తువరమిలిందుని సహాయము లేక ఆర్యావర్తము నిలువదు. కావున నిన్నటివఱకు ఎవరికిని పట్టని బందీ నేడు సామ్రాజ్యమునకు కావలసిన వస్తువగును. చతురుడైన కృష్ణవర్ధనుడు ఆమెను రాజ్యశ్రీ ఆతిథ్యమునకు రప్పింపజూచును. మర్యాద నిండిన ఆహ్వానమది. దానిని చేతబట్టుకొని వచ్చువాడు బాణుడే. తనను చెఱబట్టిన చిన్న రాజకులము ఏ ఛత్రచ్ఛాయలో పెరిగినదో, ఆ ఛత్రము క్రిందికే అతిథిగా పొమ్మనుట భట్టినికి మింగుడుపడదు. అతిథిగా గాక స్వతంత్రురాలైన రాజపుత్రిగా, ఆభీరసైన్యము తోడురాగా మాత్రమే ఆమె ముందుకు సాగును. ఆమె కోపముతో కేకలు వేయదు, ఉపన్యాసము చేయదు. ఏ హోదాలో అడుగుపెట్టుదునో దానిని నేనే నిర్ణయింతును అను పట్టుదల మాత్రము విడువదు. కొలువున ఉన్నతకుల స్త్రీకి మిగిలిన స్వాతంత్ర్యము ఎంతటిదో, దాని కొలత ఏమో ఈ ఒక్క ఘట్టము చూపినట్లు పుటలకొలది అంతఃపురవర్ణన చూపజాలదు.

ఐనను నవల ఇక్కడనే ఆగినచో అది ఒక రాజకన్య అభిమానము కథగా మిగిలెడిది. దానిని మఱొక మెట్టు ఎక్కించునది మహామాయ. ఈమె భైరవి. పూర్వాశ్రమమున మౌఖరి రాజగృహపు రాణియై యుండి, ఆ భోగమును విసర్జించి వచ్చినది. దేవపుత్రుని కూతురు అపహరింపబడినదని నగరము అట్టుడికినప్పుడు ఆమె జనుల నడుమ నిలిచి ఒక ప్రశ్న వేయును. రాజు కూతురు పోయిననే లోకమునకు ఆపద వచ్చినట్లా, దిక్కులేని ప్రజల కూతుండ్రు తల్లిదండ్రులకు కన్నులు కారా, వారు కొనిపోబడి ఏ అంతఃపురములను నింపుచున్నారు అని ఆమె ప్రశ్నకు సారము. జీతపు సైన్యములను, రాజులను నమ్ముకొని కూర్చుండక ప్రజలే లేచి నిలువవలెనని ఆమె బోధించును. ఒకనాటి రాణి నోట ఈ మాట వచ్చుట వలన దానికి బలము హెచ్చినది. అంతఃపురము కేవలము రాణుల నివాసము కాదు. పేరులేని వందలాది స్త్రీలను కొని, తెచ్చి, మూసిపెట్టిన యిల్లు. భట్టిని పడిన కష్టము ఆ గుంపులో ఒక్కరిది, రాజు కూతురగుటచే పైకి తెలిసినది. నవల రచింపబడిన కాలము 1940–50 నడిమి స్వాతంత్ర్యసమర కాలమని జ్ఞప్తికి తెచ్చుకొన్నచో, రాజులపై గాక ప్రజలపై భారము మోపిన ఆ పిలుపునకు గల సమకాలిక స్వరము స్పష్టమగును.

ఈ ప్రశ్న నవలనే తిరిగి ప్రశ్నించును, నవల విలువయు అక్కడనే పరీక్షకు వచ్చును. భట్టిని విడుదలకు మూల్యము చెల్లించినది ఎవరు? కథాంతమున హర్షుని ‘రత్నావళి’ నాటికను ప్రదర్శింతురు. నిపుణిక వాసవదత్త పాత్రను ధరించును. శ్రీహర్షుని నాటికలో సింహళరాజపుత్రి రత్నావళి నౌకాభంగమున చిక్కి, సాగరిక యను పేర వాసవదత్త పరిజనమున ఒకతెయై బ్రదుకును. రాజు ఆమెను ప్రేమించుట తెలిసి మహారాణి ఆమెను బంధించును. ఐంద్రజాలికుని మాయచే అంతఃపురము మండినట్లు తోచును. చివరకు ఆమె తన బంధువని యెఱిగి రాణియే ఆమె చేతిని రాజు చేతిలో పెట్టును. ‘ప్రియదర్శిక’లోను ఇట్లే ఒక రాజకన్య ఆరణ్యిక యను పేర అదే అంతఃపురమున సేవికగా నుండును. అనగా చక్రవర్తియైన కవి రెండుమాఱులు రచించినది కూడ కొలువులో పరిచారికగా మఱుగుపడిన రాజకన్య కథనే. కాని ఆ రెంటను అంతయు శుభముగా ముగియును. చేయి అప్పగించు రాణి మనసులో ఏమి జరిగినదో తెలుసుకొనుటకు నాటికలో అవకాశము తక్కువ.

ద్వివేదిగారు సరిగా ఆ క్షణమును పట్టుకొనిరి. బాణుని మనసున ప్రేమించి, భట్టినియు అతనిని ప్రేమించుట యెఱిగి, ఇరువురకును నడుమ ఎప్పుడును నిలువని నిపుణిక, వాసవదత్తయై రత్నావళి చేతిని రాజు చేతిలో పెట్టును. నటన అక్కడ నటన కాకపోవును. నాటకము ముగియుటతో ఆమె ప్రాణమును ముగియును. శ్రీహర్షుడు మంగళముగా ముగించిన దృశ్యము ఇక్కడ ఒక దరిద్రస్త్రీ మరణమగును. ఒక రాజకృతిని మార్చక, అందలి ఒక్క మాటను తీయక, దానిని ఆడుదాని శరీరమందు నిలిపి చూపుటచేతనే దాని అర్థము తలక్రిందులైనది. చారిత్రక నవల పూర్వకావ్యమును విమర్శింపగల మార్గములలో ఇంతకంటె గౌరవప్రదమైనది అరుదు.

కొందఱు పాఠకులకు ఈ ముగింపు నచ్చదు. ఉన్నతకుల స్త్రీ పవిత్రముగా మిగులుటకు తక్కువకులపు స్త్రీని బలిచేయుట పాతకథల పద్ధతియే కదా, మహామాయ ప్రశ్నకు ఇది సమాధానమా అని వారి ఆక్షేపణ. ఆక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. నిపుణికకు కథలో బ్రదుకుటకు చోటు దొరకలేదనుట నిజము. కాని నవల ఆ మరణమును త్యాగమని పొగడి ఊరట పొందలేదు. నిపుణిక పోయిన పిదప భట్టినియు బాణుడును ఒకటి కారు. బాణుడు దూరప్రయాణమునకు పిలువబడును, భట్టిని వెనుక నిలుచును, మఱల కలయుదురో లేదో తేలకయే కథ తెగిపోవును. గొంతు నిచ్చినది మరణించుటతో రాణి కథ ముందునకు సాగలేదు. పత్రలత లేనిచో రాజ్యశ్రీ మాట హర్షునకు చేరకపోయెడిది. నిపుణిక లేనిచో భట్టిని కథ బాణునకు చేరకపోయెడిది. రాణిచరిత్ర దాసిచరిత్రను విడిచి నిలువజాలదు అను సత్యమును నవల తన నిర్మాణముతోనే ఒప్పుకొన్నది.

ఇక కథకుని సంగతి. ఎంత సానుభూతి యున్నను చెప్పువాడు బాణుడు, పురుషుడు. స్త్రీశరీరమును దేవాలయముగా భావింతునని అతడు పలుమాఱు తలంచుకొనును. ఆ గౌరవము నిజమే, కాని దేవాలయమునకు కూడ మాట లేదు. ఈ లోపమును రచయిత ఎఱుగకపోలేదు. అందుకే నవలకు ముందువెనుకల ఒక చట్రమును అమర్చిరి. కథాముఖమున ఆస్ట్రియాదేశపు వృద్ధస్త్రీ, ‘దీదీ’ అని పిలువబడు మిస్ కేథరిన్, శోణతీరమున తిరిగి ఒక ప్రాచీనలేఖపు కట్టను కొనివచ్చి, దానికి తాను చేసిన హిందీ అనువాదమును వ్యోమకేశశాస్త్రి చేతిలో పెట్టును. వ్యోమకేశుడు అడుగున టిప్పణులు చేర్చుచు కాదంబరితోను రత్నావళితోను పోలికలు చూపును. మొదట ప్రకటితమైనప్పుడు ఇది నిజముగా బాణుని ప్రతియే యని భ్రమించిన పాఠకులును ఉండిరి. కాని ఉపసంహారమున రచయిత తన మాయను తానే చెదరగొట్టెను. కాదంబరిలోని ప్రేమ బహిరంగముగా పొంగునది, ఇందలి ప్రేమ గూఢముగా అణగియుండునది, ఇది బాణుని కలము కాగలదా అని వ్యోమకేశునకు సందేహము. దీదీ వ్రాసిన లేఖ ఆ సందేహమును తీర్పక పెంచును. ఇందు పలికినది బాణుడా, లేక తన యౌవనమున ఏ మాటయో చెప్పలేకపోయిన ఒక విదేశస్త్రీయా?

ఈ చట్రము కేవల చమత్కారమని తలచుట పొరపాటు. భట్టిని తన కథ తాను చెప్పలేదు, బాణుడు చెప్పెను. బాణుని మాటను దీదీ అనువదించెను. దీదీ మాటను వ్యోమకేశుడు ముద్రించెను. ప్రాచీనకాలపు రాజస్త్రీ మాట నేటి పాఠకుని చెవికి చేరుటకు ఎన్ని చేతులు మాఱవలెనో ఈ చట్రము కన్నులకు కట్టించుచున్నది. ఆమె గొంతు దొరికినదని నవల ఎక్కడను ప్రకటింపదు. ఆ గొంతు కొఱకు జరిగిన అన్వేషణమునే కథగా చెప్పుచున్నది. ప్రామాణ్యము విషయమున చారిత్రక నవలకు ఇది ఒక నీతి.

ఆంధ్రదేశపు చారిత్రక నవలను చదివినవారికి ఇక్కడ ఒక పోలిక స్ఫురింపక మానదు. నాగార్జునకొండ లోయలోని విజయపురి శాసనములు మూడవ, నాలుగవ శతాబ్దుల ఇక్ష్వాకుల నాటివి. అందలి దాతలలో పెక్కుమంది స్త్రీలు. వాసిష్ఠీపుత్ర శాంతమూలుని సోదరి శాంతిశ్రీ మహాచైత్యపు స్తంభములను నిలిపి, వానిపై తన పేరు వ్రాయించుకొన్నది. ఆ రాజు కూతురు, ధనకకులపు మహాసేనాపతి భార్య, అడవి శాంతిశ్రీ యను పేర అక్కడనే దాత్రిగా నిలిచినది. రాజులు వైదికయాగములు చేయుచుండగా అంతఃపురస్త్రీలు బౌద్ధచైత్యములకు దానములు చేసిరి. హర్షుని వంశావళిలో తల్లులుగా మాత్రమే మిగిలిన రాణులకును, విజయపురిలో తమ దానము తామే చెప్పుకొన్న ఈ స్త్రీలకును గల తేడా చిన్నది కాదు. అడివి బాపిరాజుగారు ఆ పేరునే గ్రహించి ‘అడివి శాంతిశ్రీ’ నవల రచించిరి. పేరు రాతిలో దొరికినను జీవితము దొరకదు కావున అక్కడ కల్పనకు పని పడినది. స్థాణ్వీశ్వరమున పేరు కూడ దొరకనిచోట ద్వివేదిగారు కల్పనను ఆశ్రయించిరి. పదునాలుగవ శతాబ్దికి వచ్చిననాడు విజయనగరపు కంపరాయల భార్య గంగాదేవి భర్త మధురావిజయమును తానే సంస్కృతకావ్యముగా రచించినది. కాని కవయిత్రియైన రాణి కూడ పాడినది భర్త విజయమునే, తన అంతఃపురమును కాదు.

కావున సామగ్రి ఎంత దొరకినను నవలాకారుని ముందు ఒకే పరీక్ష నిలిచియుండును. రాజస్త్రీని వర్ణించుటకు వెలుగును ఏ వైపునుండి ప్రసరింపజేయవలెను? సింహాసనము వైపునుండి చూచినచో ఆమె రాజునకు శోభ. నగల వైపునుండి చూచినచో కాలమునకు శోభ. పనికత్తె నిలుచు గడప వైపునుండి చూచినప్పుడు మాత్రమే ఆమె నడచినది, అలసినది, నిరాకరించినది, మౌనము వహించినది కనబడును. చారిత్రక నవలలను పరిశోధించు విద్యార్థులు తేదీల దోషములను, వేషభాషల అనౌచిత్యములను పట్టికలు వేయుట మంచిదే. తువరమిలిందుడు చరిత్రలో లేడని చూపుటయు అవసరమే. కాని ఆ పట్టిక చివర మఱొక గడి చేర్చవలెను: ఈ రాణి మాటను ఇందు ఎవరు మోసిరి, మోసినవారికి పేరు కలదా?

హర్షచరితమునకు వ్యాఖ్యానములు వెలసినవి, అనువాదములు వచ్చినవి, అందలి ఉపమలను గూర్చి గ్రంథములు పుట్టినవి. పత్రలతను గూర్చి ఎవరును ఎక్కువ వ్రాయలేదు. ఆమెకు కావ్యమున దక్కినది ఒక విన్నపమంత చోటు. ఆ చోటును విశాలము చేసి, అందు ఆకుల అంగడి పెట్టి, ఒక స్త్రీని కూర్చుండబెట్టి, చక్రవర్తి కొలువును ఆమె కన్నులతో చూపిన నవల ఒకటి హిందీలో కలదు. తక్కిన భారతీయభాషల చారిత్రక నవలలతో దానిని ఈ ఒక్క దృష్టితో పోల్చి చదివినను, ఇంతవఱకు నేపథ్యమున నిలిచిన పెక్కుమంది పాత్రలు ముందునకు వచ్చును.